ప్రీఫెగారి పిల్లికన్నం

ఆ మంగళవారం పొద్దున ఓనొరా బ్రిసార్ గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, రొట్టెకు వెన్న రాసుకుని తినడం, ఆ తరవాత వంటింటి తలుపుకు పిల్లి దూరేంత కన్నం పెట్టుకోనివ్వమని సర్కారుకు ఒక అర్జీ రాయడం. మొదటి రెండు పనులూ పావుగంటలో అయిపోయాయి. మూడోది అయ్యేసరికి మాత్రం ఊరి మేయరు, బాజా బృందం, ముగ్గురు పెంకుల పనివాళ్ళు, ఇరవైనాలుగు చేపతలలు అవసరమయ్యాయి.

పిల్లి పేరు ప్రీఫె. ప్రీఫె అంటే రాజధాని నుంచి జిల్లాకు దిగే పెద్దదొర. బూడిదరంగు ఒళ్ళూ తెల్లటి మెడపట్టీ ఉన్న ఆ పిల్లిని చూసి ఓనొరా గారి భార్య సోలాంజే ఆ పేరు పెట్టింది. ఎప్పుడొస్తుందో చెప్పదు, ఎందుకొచ్చిందో చెప్పదు, వచ్చిందంటే మాత్రం ఇంట్లోవాళ్ళంతా లేచి నిలబడాలి. అందుకని మొగుడూ పెళ్ళాలిద్దరూ దాన్ని ‘గారు’ చేర్చి పిలిచేవాళ్ళు.

"ఏమయ్యా, తెల్లారిందగ్గర్నించి ఈ తలుపు ఎన్నిసార్లు తీశానో చూశావా?" అంది సోలాంజ్.

"నాలుగుసార్లా?"

"ఏడు. లోపలికొచ్చారు, గిన్నె వాసన చూశారు, బయటికి పోయారు. వాన పడింది, మళ్ళీ వచ్చారు. వాన ఆగిందేమో చూద్దామని మళ్ళీ పోయారు. నాకు డెబ్భయ్యేళ్ళు. నేను ఈ ఇంటి కోడల్నా, కాపలా బంట్రోతునా?"

"అర్జీ రాస్తాను సోలాంజ్."

"రాయి. వారసత్వ దినాల ఆదివారం లోపల ఈ తలుపుకు కన్నం పడిందా, సరే. పడలేదా, నేనూ ప్రీఫెగారూ వియెర్జోఁలో మా చెల్లెలింటికి పోతాం. దాని తలుపులు ప్లాస్టిక్‌వి. ఎన్ని కన్నాలు కావాలంటే అన్ని పెట్టుకోవచ్చు."

ప్లాస్టిక్ అన్న మాట చెవిన పడగానే రొట్టెముక్క ఓనొరా గారి గొంతుకు అడ్డం పడింది.

పడదు మరి? ఆయన లా సెర్వ్ ఊరి పాతరాళ్ళ మిత్రమండలికి పంతొమ్మిదేళ్ళుగా అధ్యక్షుడు. 1784లో ఆయన ముత్తాతకు ముత్తాత, ఉన్నిబట్టల వర్తకుడు, కట్టించిన ఆ ఇల్లు సర్కారువారి రక్షిత కట్టడాల జాబితాలో ఉంది. గోడకు మేకు కొట్టాలన్నా అనుమతి కావాలి. ఆ నియమాన్ని ఆయన తనకంటే ఎక్కువగా ఇరుగుపొరుగుకు వర్తింపజేసేవాడు. పక్కింటి మందులషాపు ఎవారిస్త్ ముచ్చటపడి కిటికీ రెక్కలకు నీలం రంగు వేయించుకుంటే, ఈయన ఫొటోలు తీసి ఫిర్యాదు పంపి, మళ్ళీ బూడిదరంగు వేయించేదాకా నిద్రపోలేదు. రొట్టెలమ్మే ఆవిడ కొట్టుమీది దీపాల అక్షరాలు, చర్చి గంటలు మోగించేవాడి టీవీ పళ్ళెం, అన్నీ ఆయన పుణ్యాన కిందికి దిగినవే. అలాంటి మనిషి చెప్పాపెట్టకుండా సొంత తలుపుకు కన్నం పెడితే ఊరు ఊరుకుంటుందా? వచ్చే నెలే మండలి ఎన్నిక.

పైగా అది మామూలు తలుపు కాదు. విప్లవకాలంలో ఒక మార్కీ, అంటే పెద్ద బిరుదున్న జమీందారు, చాకలామె వేషం కట్టి ఆ వంటింటి తలుపులోంచే పారిపోయాడని తండ్రి చెప్పిన కథ. ఏటా పాత ఇళ్ళను జనం చూడ్డానికి తెరిచిపెట్టే వారసత్వ దినాల్లో ఓనొరా గారు దాన్ని అభినయంతో సహా చెప్పేవాడు. మొదటి ఏడు మార్కీని తరుముకొచ్చినవాళ్ళు ఇద్దరు సిపాయిలు. కిందటేడుకు నలభైమంది ఆశ్వికులయ్యారు. వాళ్ళ గుర్రాలన్నీ ఆ వంటింట్లో ఎలా పట్టాయని ఎవరూ అడగలేదు.

నలభైయేళ్ళు నోటరీ దగ్గర గుమాస్తాగిరీ చేసిన చెయ్యి కనుక అర్జీ ముత్యాల్లా వచ్చింది. "మహాశయా, ప్రీఫెగారు మా ఇంటికి వేళాపాళా లేకుండా వచ్చిపోతుండటం ఇరుగుపొరుగు ఎరిగిన విషయమే. వానాకాలంలో వారు తడుస్తుంటే చూసి సహించలేకున్నాం. కావున ఇంటి వెనకవైపు, వీధిలోకి కనబడని చోట, ఒక పిల్లికన్నం పెట్టించుకోవడానికి అనుమతి ప్రసాదించగలరు."

ఇలాంటి అర్జీలకు జవాబు రావడానికి లా సెర్వ్‌లో మూడేళ్ళు పట్టేది. ఎదురింటి ముసలావిడ దూలం మార్చుకుంటానని అడిగితే, అనుమతి వచ్చేనాటికి దూలమూ లేదు, ఆవిడా లేదు. అందుకే ఎనిమిదో రోజున టపా అతను ఎర్రముద్ర వేసిన కవరు చేతిలో పెట్టేసరికి, ఎవరో పోయారనుకుని ఓనొరా గారు ముందు టోపీ తీశాడు. విప్పి చూస్తే మొదటి పేజీలో మొదటి వాక్యం: "తమరు కోరిన పిల్లికన్నానికి ఇందుమూలంగా అనుమతి ఇవ్వడమైనది."

రెండో పేజీ ఉంది. ఉందని ఆయనా చూశాడు. కానీ సోలాంజ్ అప్పటికే ప్రయాణపు పెట్టె దింపి దుమ్ము దులుపుతోంది.

రంపం అందుకున్నాడు. పన్నెండు కొట్టింది. పన్నెండు నుంచి రెండు దాకా లా సెర్వ్‌లో కుక్క కూడా వీధిలో ఉండదు, అందరూ బల్ల ముందు ఉంటారు. ఎవరి కంటా పడకుండా పని చేసుకోవడానికి అంతకన్నా మంచి ముహూర్తం లేదనుకున్నాడు ఆయన. అంతకన్నా చెడ్డ ముహూర్తం ఇంకోటి లేదు. రంపం చప్పుడు పొద్దున పదింటికి వినబడితే వడ్రంగి అనుకుంటారు. మధ్యాహ్నం పన్నెండూ పదికి వినబడితే దొంగపని అని పసిపిల్లలు కూడా చెబుతారు. గోడకు అవతల పుట్టగొడుగుల ఆమ్లెట్టు తింటున్న ఎవారిస్త్ ఫోర్కు కింద పెట్టాడు. పాతికేళ్ళ కాపరంలో అతను వేడి ఆమ్లెట్టును చల్లారనివ్వడం అదే మొదలని అతని భార్య తరవాత చెప్పింది.

ఒంటిగంటకు కన్నం తయారైంది. గుండ్రంగా, నున్నగా, ఇంటి తలుపుకు చెవికమ్మ పెట్టినట్టుంది. సోలాంజ్ మొగుడి బుగ్గమీద ముద్దు పెట్టింది. ప్రీఫెగారు అవతలివైపు నుంచి వచ్చి, తల దూర్చి, ఇల్లంతా ఒకసారి చూసి, తల వెనక్కి తీసుకుని, తలుపు తీయమని అరిచారు.

"కొత్త కదా, అలవాటవుతుందిలే," అన్నాడు ఓనొరా. తాపీగా కళ్ళద్దాలు తుడుచుకుని రెండో పేజీ తిప్పాడు.

"సదరు పిల్లికన్నం కాల్చిన మట్టితో చేసినదై, పాతపెంకుల రంగులో, కప్పు ఉత్తరపు వాలుమీద అమర్చవలెను. ప్రీఫెగారు స్వయంగా శ్రద్ధ చూపుతున్న విషయం గనుక పనివాళ్ళను రేపే పంపుతున్నాం. వారిమీద ఇకపై ఒక్క చుక్క కూడా పడదని హామీ."

ఓనొరా గారు కుర్చీ ఉందో లేదో చూసుకోకుండా కూర్చున్నాడు. లేదు.

ఆ సీమలో పిల్లికన్నం అన్న మాటకు రెండర్థాలు. ఇళ్ళల్లో అంటే తలుపు అడుగున పిల్లి దూరే కన్నం. పెంకుల పనివాళ్ళు అంటే మటుకు, కప్పుకింద చెమ్మ చేరకుండా గాలాడటానికి పెంకుల నడుమ పెట్టే బోలు పెంకు. పాతకట్టడాల కచేరీలో కూర్చునేవాళ్ళకు కప్పులే తప్ప పిల్లులు తెలియవు. పెద్దదొర ఎవరింటికో వచ్చిపోతున్నాడనీ, అక్కడ కప్పు కారి ఆయన నెత్తిన పడుతోందనీ వాళ్ళు అర్థం చేసుకున్నారు. అలా అర్థమయ్యాక ఏ కచేరీ అయినా ఎనిమిది రోజుల్లో పనిచేస్తుంది.

అంటే ఇప్పుడు ఓనొరా గారికి కావలసిన కన్నానికి అనుమతి లేదు, అది ఉంది. అక్కర్లేని కన్నానికి అనుమతి ఉంది, అది రేపు వస్తోంది. మండలి ప్రదర్శనలో పెట్టే పాత ఫొటోల బోర్డు ఒకటి తెచ్చి తలుపుకు ఆనించి నిలబెట్టాడు. సోలాంజ్‌తో మాత్రం "ఆదివారం సందర్శకుల కోసం" అన్నాడు. పెళ్ళానికి నిజం చెప్పడానికి అతను తగిన సమయం కోసం చూస్తూ ఉన్నాడు. పెళ్ళయిన నాటి నుంచీ చూస్తూనే ఉన్నాడు.

మర్నాడు ఎనిమిదింటికల్లా పెంకుల మేస్త్రీ బుర్దియో ఇద్దరు మనుషులతో దిగాడు. ఓనొరా గారు మేడమీద గడ్డం గీసుకుంటున్నాడు. తలుపు తీసింది సోలాంజ్.

"అమ్మా, పిల్లికన్నం పెట్టడానికొచ్చాం."

"ఇంకా ఎక్కడి పిల్లికన్నం నాయనా? మా ఆయన నిన్ననే పెట్టేశాడుగా."

బుర్దియో ఇంటి కప్పువంక చూశాడు. నలభై అడుగులు. "ఆయనే? ఈ వయసులో?"

"ఆఁ. మోకాళ్ళమీద కూర్చుని, గంటలో పెట్టాడు."

"మోకాళ్ళమీదే! అమ్మా, నేను నడుముకు తాడు కట్టుకుని పాక్కుంటూ పోతానే!"

"నీకు నడుం నొప్పేమో. పెట్టడం బాగానే పెట్టాడు కానీ, ప్రీఫెగారికే ఇంకా నచ్చినట్టు లేదు. తల దూర్చి చూసి వెనక్కి తీసుకున్నారు."

బుర్దియో టోపీ తీశాడు. వెనకున్న ఇద్దరూ తీశారు. "ప్రీఫెగారు... అందులో తల దూర్చారా?"

"నిన్ననే. పాలు తాగి."

"ఆ తరవాత?"

"తరవాతేముంది, గోడమీదికి దూకి ఎటో పోయారు. ఈ రుతువులో ఆయన ఇంటిపట్టున ఉండరులే."

పదకొండు గంటలకు కాఫీ హోటల్లో అందరికీ తెలిసిపోయింది. జిల్లాకు కొత్తగా వచ్చిన పెద్దదొర పాలు తప్ప మరేమీ ముట్టడట. పాతకట్టడాలంటే ఆయనకు ఎంత ప్రాణమంటే, పొద్దున్నే బ్రిసార్ ఇంటి కప్పెక్కి, పెంకుల్లో తల దూర్చి తనిఖీ చేసి, గోడలమీదుగా వెళ్ళిపోతాడట. "అందుకే ఎప్పుడు ఫోను చేసినా సీట్లో ఉండడు!" అన్నాడు చర్చి గంటలవాడు. ఇంత నిజాయితీపరుడైన అధికారి ఈ జిల్లాకు రావడం మా అదృష్టమని ఇద్దరు ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

సాయంత్రానికి మేయరు త్రోషే రొప్పుతూ వచ్చాడు.

"బ్రిసార్! నీతో కలిసి బడికి పోయినవాణ్ణి. నాకొక్క ముక్క చెప్పలేదే! ప్రీఫెగారు మీ ఇంటికి వస్తుంటారా?"

ఓనొరా గారు ఒక్క క్షణం ఆలోచించాడు. పిల్లి అని చెప్పేస్తే అందరూ నవ్వుతారు, అంతటితో పోతుంది. పోదు. కచేరీ వాళ్ళు అర్జీ మళ్ళీ తీస్తారు. పిల్లికన్నం ఏ తలుపుకు అడిగాడో చూడ్డానికి వస్తారు. చూస్తారు. ఎవారిస్త్ కూడా వాళ్ళ వెనకాలే వచ్చి చూస్తాడు.

"వస్తుంటారు," అన్నాడు. "పోతుంటారు."

"ఆదివారం కూడా వస్తారా?"

"వారి ఇష్టం. మనం చెబితే వినే రకం కాదు."

"నేను వాళ్ళ కచేరీకి ఫోను చేస్తాను. ఎప్పట్లాగే బ్రిసార్ గారింటికే దయచెయ్యమంటాను. బాజాలు పెట్టిస్తాను. సరే కానీ, ఆయనకు తినడానికేం ఇష్టం?"

ఓనొరా గారికి అబద్ధమాడటం ఇష్టముండదు. "కోడి కాలేయం," అన్నాడు. "మీగడ. అన్నిటికన్నా చేపతలలంటే ప్రాణం."

"చేపతలలా!" మేయరు జేబుపుస్తకంలో రాసుకున్నాడు. "ఎంత నిరాడంబరుడయ్యా! ఇంతకుముందున్నాయన పీతలు తప్ప తినేవాడు కాదు."

ఇక్కడ అసలు ప్రీఫె సంగతి కూడా చెప్పాలి. ఆయన జిల్లాకు వచ్చి ఏడు నెలలైంది. లా సెర్వ్ మొహం ఎరగడు. "ఎప్పట్లాగే" అన్న కబురు అందగానే తను ఎప్పుడు వెళ్ళాడా అని డైరీ తిరగేశాడు. కనబడలేదు. అయితే తెలియదని ఒప్పుకున్న అధికారి పైకి రాడు, ఆయన చాలా పైకి వచ్చినవాడు. "ఎప్పట్లాగే వస్తాను" అని జవాబిచ్చాడు.

ఆదివారం వచ్చింది. ఇంటిముందు పచ్చటి కొత్త పరంజా, కప్పుమీద కొత్త బోలుపెంకు, వీధిలో బాజాలు. ప్రీఫె గారు కారు దిగారు. సన్నగా, బూడిదరంగు కోటుతో, మెడలో తెల్లటి పట్టీతో. సోలాంజ్ చూసి "అచ్చం మనవాడే!" అంది కాస్త పైకే. పక్కన పాతకట్టడాల అధికారిణి క్లెర్వాల్ గారు చంకలో లావుపాటి ఫైలుతో దిగింది. ఊరి జనం వరసగా నిలబడి వంగి దణ్ణాలు పెట్టారు. బుర్దియో ముందుకొచ్చి చెవిలో, "అయ్యా, ఈసారికి నిచ్చెన పెట్టించాను, గోడ దూకొద్దు," అన్నాడు. ప్రీఫె గారు హుందాగా తలూపారు. ఏడు నెలల్లో ఆయన తనకు అర్థంకాని మాటలు చాలా విన్నారు, అన్నిటికీ ఇలాగే తలూపారు.

ఓనొరా గారు ఇల్లు చూపించడం మొదలుపెట్టాడు. వంపు తిరిగిన మెట్లు, చెక్కిన పొయ్యిగూడు, ఓకుచెక్క గోడలు. వంటింటి వైపు వెళ్ళకుండా మెట్లనే రెండుసార్లు చూపించాడు. మూడోసారి మొదలుపెట్టబోతే గుంపులోంచి ఎవారిస్త్ గొంతు వినిపించింది.

"ప్రెసిడెంటు గారూ, మార్కీ పారిపోయిన తలుపు చూపించరా? అది చూడకుండా దొరగారు వెళ్ళిపోతే లా సెర్వ్ పరువేం కాను?"

అందరూ అవునన్నారు. చేసేది లేక గుంపుతో సహా వంటింట్లోకి నడిచాడు. అక్కడ మేయరు బల్ల వేయించి ఉంచాడు. మధ్యలో గుడ్లు పెట్టి కాల్చిన మాంసపు పేటే, మేకపాల జున్ను, తెల్లద్రాక్ష మద్యం. ప్రీఫె గారి చేతికి మటుకు ప్రత్యేకంగా ఒక పళ్ళెం ఇచ్చారు. మీగడలో ఈదుతున్న చేపతలలు. మొత్తం ఇరవైనాలుగు. నలభైయెనిమిది కళ్ళు ఆయనవంక చూస్తున్నాయి, ఊరివాళ్ళవి కాక.

"మీకిష్టమని," అన్నాడు మేయరు సిగ్గుపడుతూ.

ప్రీఫె గారు దేశసేవకు మొదట్లో చేసిన ప్రమాణం గుర్తు చేసుకుని ఒక తల నోటిదాకా తీసుకెళ్ళారు.

ఓనొరా గారు కథ ఎత్తుకున్నాడు. భయానికి ఆ ఏడు ఆశ్వికులు అరవైమందయ్యారు. "ఇదిగో ఈ తలుపు! 1784 నాటి ఓకు! ఆనాటి నుంచి ఈనాటిదాకా దీనిమీద గీత పడలేదు!"

"బోర్డు జరిపితే ఇంకా బాగా కనబడుతుందేమో," అన్నాడు ఎవారిస్త్.

"బోర్డు జరపకూడదు. అది... అది కూడా పాతదే."

అప్పుడు తలుపు అవతల ఎవరికో చేపల వాసన తగిలింది. మొదట ఒక అరుపు. తరవాత బోర్డు దానంతటదే కదిలింది. అంచు పక్కనుంచి ఒక బూడిదరంగు పంజా వచ్చి గాలిని తడిమింది. బోర్డు ఊగి, ఊగి, ఊరి పూర్వ మేయర్లందరి ఫొటోలతో సహా దబ్బున నేలమీద పడింది. నున్నటి గుండ్రటి కన్నంలో ఒక తలకాయ ప్రత్యక్షమైంది.

సోలాంజ్ నడుంమీద చేతులు పెట్టుకుంది. "ప్రీఫె! సిగ్గూ శరం ఉందా నీకు? పొద్దున్నేగా కడుపు పగిలేలా మింగావ్! ఊళ్ళో ఆడవాళ్ళని చూసి వీధులెంట అరుస్తూ తిరగడం, తిరిగొచ్చి చేపతలలకు ఎగబడటం! ఈసారి బల్లెక్కావంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి కోయించేస్తా, ఏమనుకున్నావో!"

బాజావాళ్ళలో ఒకడి చేతిలోని తాళం జారి నేలమీద చాలాసేపు గింగిరాలు తిరిగింది. ప్రీఫె గారు చేపతల మెల్లగా పళ్ళెంలో పెట్టి, పళ్ళెం బల్లమీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేశారు.

"అయ్యో, మిమ్మల్ని కాదు బాబూ," అంది సోలాంజ్. "మా పిల్లిని. దాని పేరూ అదే."

ఎవారిస్త్‌కు పిల్లితో పనిలేదు. కన్నం వైపు వేలు చాపి, నీలం రెక్కల నాటి నుంచి లోపల ఊరబెట్టుకున్న గొంతుతో అరిచాడు. "చూడండి! 1784 తలుపు! రక్షిత కట్టడం! అధ్యక్షుడే కోశాడు! కిందటి బుధవారం, పన్నెండూ పదికి! నా చెవులారా విన్నాను!"

జనం గుసగుసలాడారు. ఓనొరా గారి మొహం జున్నుముక్కలా పాలిపోయింది. క్లెర్వాల్ గారు మోకాళ్ళమీద కూర్చుని కన్నం చుట్టూ వేలు తిప్పింది. వాసన చూసింది. ఫైలు తెరిచి పేజీలు తిప్పింది. పిల్లి, ప్రీఫె ఇద్దరూ ఆమె వంకే చూస్తున్నారు.

"బ్రిసార్ గారూ, కంగారుపడకండి. మీరు ఏ తప్పూ చేయలేదు."

"చేయలేదా?"

"ఈ ఇంటిని జాబితాలో చేర్చినప్పుడు రాసిన వివరాలు ఇవి. వినండి. ‘వంటింటి తలుపు: అసలుది యుద్ధపు చలికాలంలో పొయ్యిలో పెట్టినట్టు యజమాని ఒప్పుకోలు. ప్రస్తుతమున్నది 1947లో లిన్యేర్ దగ్గర కూల్చేసిన ఒక పందులదొడ్డి నుంచి తెచ్చి బిగించినది. చారిత్రక విలువ: శూన్యం.’ కింద మీ నాన్నగారి సంతకం. ఈ తలుపుకు మీరు కన్నాలు పెట్టుకోవచ్చు, పూలు గీసుకోవచ్చు, మీ ఇష్టం."

గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు. "పందులదొడ్డా?" అన్నాడు చర్చి గంటలవాడు. "అయితే అరవైమందీ ఎవర్ని తరిమినట్టు?"

నాలుగు రోజులుగా దాచిపెట్టిన నేరం తన నెత్తిమీద నుంచి దిగిపోతుంటే ఓనొరా గారు ఊపిరి పీల్చుకుని ఉంటే సరిపోయేది. కానీ పంతొమ్మిదేళ్ళుగా చెప్పుకొచ్చిన మార్కీ, అరవై గుర్రాలు, ముత్తాతకు ముత్తాత, అందరూ కలిసి ఆయన గొంతులోకి ఎక్కివచ్చారు.

"అబద్ధం!" అని అరిచాడు. "ఇది 1784 తలుపే! నేను నేరం చేశాను!"

"చేయలేదంటున్నానుగా," అంది క్లెర్వాల్.

"చేశాను! తెలిసి తెలిసి చేశాను! రంపంతో! రాసుకోండి!"

"బ్రిసార్ గారూ, మీరు నిర్దోషి."

"నన్ను నిర్దోషి అనే అధికారం మీకు లేదు! సాక్షి ఉన్నాడు! ఎవారిస్త్, చెప్పు, రంపం చప్పుడు విన్నావుగా?"

ఎవారిస్త్ ఒకసారి క్లెర్వాల్ ఫైలు వంక, ఒకసారి ఓనొరా మొహం వంక చూశాడు. మందులు అమ్ముకునేవాడు కదా, ఏ డోసు ఎక్కడ పనిచేస్తుందో తెలిసినవాడు.

"రంపమా?" అన్నాడు. "నేనేం వినలేదే. నాకు కుడిచెవి బొత్తిగా పనిచేయదు."

ఓనొరా గారు ప్రీఫె వైపు తిరిగి చేతులు జోడించినంత పని చేశాడు. "దొరగారూ, మీరైనా న్యాయం చెయ్యండి. నన్ను శిక్షించండి."

ప్రీఫె గారు కన్నంలోని తన పేరున్నవాణ్ణి చూస్తూ అడిగారు. "ఆయన ఈ పదవిలో ఎన్నాళ్ళుగా ఉన్నారు?"

"తొమ్మిదేళ్ళు బాబూ," అంది సోలాంజ్.

"అదృష్టవంతుడు. మమ్మల్ని రెండేళ్ళకే బదిలీ చేస్తారు." ఆయన నిట్టూర్చి చేతిరుమాలుతో వేళ్ళు తుడుచుకున్నారు. "క్లెర్వాల్ గారూ, బ్రిసార్ గారికి రెండు కాగితాలూ చూపించండి. ఏది కావాలో ఆయన్నే తేల్చుకోమనండి."

క్లెర్వాల్ గారు రెండు కాగితాలు బల్లమీద పేటే పక్కన పరిచింది. ఒకటి నేరపత్రం. సంతకం పెడితే తలుపు 1784 నాటిదే అవుతుంది. అప్పుడు నెలలోపల కన్నం పాత ఓకుతో పూడ్చాలి, శిక్ష పడ్డవాడు గనుక మండలి అధ్యక్షుడిగా ఉండకూడదు. రెండోది తండ్రి చెప్పిన వివరం నిజమేనన్న ఒప్పుకోలు. దానిమీద పెడితే కన్నం ఉంటుంది, పదవీ ఉంటుంది, తలుపు మాత్రం పందులది.

ఓనొరా గారు కలం తీసుకుని మొదటి కాగితం మీద పెట్టాడు. మొదటి అక్షరం రాయబోతుంటే వెనకనుంచి టక్ మని చప్పుడైంది. సోలాంజ్ పెట్టె మూసి గొళ్ళెం పెట్టింది. పెట్టె పక్కనే పిల్లిబుట్ట.

"నువ్వు కానివ్వు," అంది. "వియెర్జోఁ బండి నాలుగింటికి."

"సోలాంజ్, ఇది మా వంశం తలుపు..."

"మీ వంశానిదో, పందుల వంశానిదో, నేను యాభైయేళ్ళుగా తీసి వేస్తున్న తలుపు. రాత్రింబవళ్ళు దాన్ని తీసింది నేను. దాని చరిత్ర నాకన్నా ఎవరికి తెలుసు?"

ఓనొరా గారు తలుపువంక చూశాడు. కలం మొదటి కాగితం మీంచి లేచింది. రెండో కాగితం మీద దిగింది. నలభైయేళ్ళ గుమాస్తాగిరీలో మొదటిసారి సంతకం చివర తోక వంకర పోయింది.

సోలాంజ్ పెట్టె విప్పింది. మేయరు బాజాలు మొదలుపెట్టమన్నాడు. ప్రీఫె గారు వెళ్తూ వెళ్తూ, చేపతలల పళ్ళెం మొత్తం పిల్లికి ఇప్పించి, "నా తరఫున" అన్నారు. ఆ ఏడు జిల్లాలో ఆయన చేసిన పనులన్నిటిలోకీ అదే అందరికీ నచ్చిందని చెప్పుకున్నారు.

పదవి ఉంటుందని కాగితం చెప్పింది కానీ, కాగితాలు ఓట్లు వేయవు. తరవాతి నెల ఎన్నికలో మిత్రమండలి అధ్యక్షుడిగా ఎవారిస్త్ ఎన్నికయ్యాడు. అతని మొదటి నోటీసు బ్రిసార్ ఇంటికే వచ్చింది: కప్పుమీది కొత్త బోలుపెంకు పాత పెంకుల కన్నా ఒక పిసరు ఎర్రగా ఉన్నది, మార్చవలెను. ఓనొరా గారు అర్జీ పెట్టుకున్నాడు. ఈసారి ప్రీఫె ప్రస్తావన తీసుకురాలేదు గనుక జవాబు ఇంకా రాలేదు.

వంటింటి తలుపుకు కన్నం అలాగే ఉంది. చలికాలంలో దానిలోంచి ఈదురుగాలి కొడుతుంది, అందుకు సోలాంజ్ ఒక పాత కంబళి కుక్కింది. ప్రీఫెగారు మాత్రం ఈనాటికీ అందులోంచి రాలేదు. మెట్టుమీద నిలబడి తలుపు తీయమని అరుస్తారు, ఓనొరా గారు లేచి తీస్తాడు. దొడ్డిదారి పెట్టిచ్చినా వాడుకోని ప్రీఫెను ఆ జిల్లా చరిత్రలో అదొక్కదాన్నే చూశామని లా సెర్వ్‌లో అంటుంటారు.